జ్యూరీ జాబితా అడగని లాయరు

2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ హాలీవుడ్ కథానాయకుల జాబితా ఒకటి వేసింది. ఇండియానా జోన్స్‌కి రెండో స్థానం, జేమ్స్ బాండ్‌కి మూడో స్థానం దక్కాయి. మొదటి స్థానం అలబామాలో ఓ చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే నడివయసు లాయరు ఆటికస్ ఫించ్‌ది. హార్పర్ లీ 1960లో రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలోని పాత్ర అది. రెండేళ్లకి తీసిన సినిమాలో గ్రెగరీ పెక్ వేసి ఆస్కార్ తెచ్చుకున్నాడు. దక్షిణాదిలో నల్లవాళ్లకు జరిగిన అన్యాయాన్ని బోనెక్కించిన కథ ఇదేనని అరవై ఏళ్లుగా అందరూ చెప్పే మాట. దీని పక్కనే ఇంకో రెంటిని పెడతారు: విలియం ఫాక్‌నర్ ‘ఇంట్రూడర్ ఇన్ ది డస్ట్’, జాన్ బాల్ ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’. మూడూ నేరం చుట్టూ తిరిగే కథలే, మూడూ సినిమాలయ్యాయి, మూడింటినీ జాతి వివక్ష మీద ఇచ్చిన తీర్పులుగానే చదువుతున్నారు.

ఆ తీర్పుని ఒకసారి తిరగేసి చూడాలి. ఈ కథల్లో చివరికి శిక్ష పడింది ఎవరికి? బీద తెల్లవాడికి. కోర్టుల్నీ పొలాల్నీ బ్యాంకుల్నీ ఓటర్ల జాబితాల్నీ చేతిలో పెట్టుకుని ఈ అన్యాయాన్ని తరాల తరబడి నడిపిన పెద్దమనుషులు మూడు కథల్లోనూ నిర్దోషులుగా ఇంటికి వెళ్లిపోయారు. ఒకదాంట్లో అయితే ఆ పెద్దమనిషే హీరో.

ముందు ఆ హీరో వకాలతు ఎలా నడిచిందో చూద్దాం. ఆటికస్ వాదించింది తెల్ల అమ్మాయిని చెరిచాడని నేరం మోపిన నల్లవాడు టామ్ రాబిన్సన్ తరఫున. కథలోని ఆనవాళ్లని బట్టి ఆ విచారణ జరిగింది 1935 వేసవిలో. అదే ఏడాది ఏప్రిల్ 1న అమెరికా సుప్రీంకోర్టు ‘నారిస్ వర్సెస్ అలబామా’ కేసులో తీర్పు చెప్పింది. స్కాట్స్‌బరో కుర్రాళ్ల కేసు అది. 1931 మార్చిలో గూడ్సు బండి ఎక్కి వెళ్తున్న తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్లని పెయింట్ రాక్ అనే చోట దించి, ఇద్దరు తెల్ల అమ్మాయిల్ని చెరిచారని నేరం మోపారు. రెండు వారాలు గడిచేసరికి ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. సుప్రీంకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసి మళ్లీ విచారించమంది. అప్పుడు న్యూయార్క్ నుంచి వచ్చిన లాయరు శామ్యూల్ లీబోవిట్జ్ సాక్షుల జోలికి వెళ్లే ముందే జ్యూరీ జాబితా మీద పడ్డాడు. ఈ జిల్లాలో ఒక్క నల్లవాడైనా జ్యూరీలో కూర్చోగా చూశారా అని అధికారుల్ని వరసగా నిలదీశాడు. చూశామన్నవాడు లేడు. జాక్సన్ కౌంటీ అధికారులు జాబితా పుస్తకం పట్టుకొచ్చారు. అందులో కొన్ని నల్లవాళ్ల పేర్లు ఉన్నమాట నిజమే. అవి తర్వాత సందు చూసి ఇరికించిన రాతలని చేతిరాత నిపుణుడు తేల్చాడు. కేసు రెండోసారి వాషింగ్టన్ చేరినప్పుడు లీబోవిట్జ్ ఆ పుస్తకాన్ని సుప్రీంకోర్టులోనే పెట్టాడు. న్యాయమూర్తులు ఒకరి తర్వాత ఒకరు భూతద్దంతో ఆ పేజీ చూశారు. నల్లవాళ్లని పనిగట్టుకుని జ్యూరీలోంచి తప్పించడం రాజ్యాంగ విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ తీర్పు రాశాడు.

ఇది జరిగిన కొద్ది నెలలకే, అదే రాష్ట్రంలో, అదే రకం ఆరోపణ మీద ఆటికస్ ఫించ్ టామ్ తరఫున నిలబడ్డాడు. ఎదురుగా పన్నెండుమంది తెల్లవాళ్లు. ఆ జ్యూరీ మీద ఆయన అభ్యంతరం చెప్పినట్టు నవలలో ఎక్కడా లేదు. శిక్ష పడ్డాక కొడుకు జెమ్ సూటిగానే అడుగుతాడు: మనలాంటి వాళ్లు జ్యూరీలో ఎందుకుండరు నాన్నా అని. అలబామాలో ఆడవాళ్లు జ్యూరీకి పనికిరారని ఆటికస్ చెప్తాడు. ఊళ్లో పెద్దలకి ఆసక్తి లేదని, కొందరికి భయమని చెప్తాడు. నల్లవాళ్ల ఊసే ఎత్తడు. రాష్ట్రమంతా పేపర్లలో మోగిపోయిన తీర్పు న్యాయవాదీ శాసనసభ్యుడూ అయిన ఆటికస్‌కి తెలియకుండా పోయిందా? పోనీ రచయిత్రికి తెలియదా? హార్పర్ లీ అలబామా విశ్వవిద్యాలయంలో లా చదివి మధ్యలో మానేసిన మనిషి. తండ్రి లాయరు, శాసనసభ్యుడు, పత్రికాధిపతి. ఆయన 1919లో హత్యానేరం మోపిన ఇద్దరు నల్లవాళ్ల తరఫున వాదించాడు, ఇద్దర్నీ ఉరి తీశారు.

నవల అంటే లా జర్నల్ కాదు కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఈ నవల తన బరువంతా మోపింది కోర్టు మీదే. కోర్టులో మనుషులంతా సమానం అన్న నమ్మకాన్ని ఆటికస్ నోట గొప్పగా పలికించింది, ఆ ప్రసంగం కోసమే జనం సినిమా మళ్లీ మళ్లీ చూస్తారు. ఆ సమానత్వానికి తలుపు ఎక్కడ మూసుకుపోయిందో ఆ చోటే చూపించకుండా, తప్పంతా జ్యూరీలో కూర్చున్న పల్లెటూరి రైతుల గుండెల్లో ఉందని తేల్చడం కథా సౌలభ్యం ఒక్కటే అనుకోలేం. వ్యవస్థ మీద పెట్టాల్సిన కేసుని మనసుల మీదకి బదలాయించడం అది.

నిజంగా ఎదురు నిలిచినవాళ్లకి ఏమైందో కూడా ఆ స్కాట్స్‌బరో కేసులోనే ఉంది. జడ్జి జేమ్స్ హార్టన్ తెల్లవాడు, పాత కుటుంబంవాడు, అన్నివిధాలా పెద్దమనిషే. 1933లో సాక్ష్యం నిలవదని చెప్పి హేవుడ్ ప్యాటర్సన్ మీద జ్యూరీ ఇచ్చిన తీర్పుని పక్కన పెట్టాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు, మళ్లీ జడ్జి కాలేదు. మరి ఆటికస్‌కి? విచారణ అయిన కొన్నాళ్లకే శాసనసభకి ఎప్పటిలాగే పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. నవలలో ఒక వాక్యంలో వచ్చిపోతుంది ఆ సంగతి, చాలామంది దాన్ని దాటేసి చదువుతారు. ఊరి చేత అసహ్యించుకోబడ్డ వీరుడికి ఆ ఊరే ఏకగ్రీవంగా ఓటేసింది! ఆయన చేసిన పని ఎవర్నీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పుస్తకం దాచినదాన్ని సినిమా ఇంకా లోతుగా పూడ్చింది. నవలలో టామ్ జైలు కంచె ఎక్కబోతుంటే కాపలావాళ్లు కాల్చారు. ఒంటిమీద పదిహేడు తూటా రంధ్రాలు. అన్నిసార్లు కాల్చాల్సిన అవసరం లేదని ఆటికసే అంటాడు. సినిమాలోకి వచ్చేసరికి ఆ పదిహేడూ మాయం. పారిపోతుంటే డెప్యూటీ ఆగమని కేకేశాడని, గాయపరుద్దామని కాలిస్తే గురి తప్పిందని గ్రెగరీ పెక్ విచారంగా చెప్తాడు. పదిహేడు తూటాలు ఒక్క పొరపాటు అయిపోయాయి. కాల్పుని చూపించరు, శవాన్నీ చూపించరు. వంటమనిషి కాల్పూర్నియా పిల్లల్ని తమ చర్చికి తీసుకెళ్లే అధ్యాయం ఉంది నవలలో. నల్లవాళ్లు తమలో తాము ఎలా మాట్లాడుకుంటారో, టామ్ కుటుంబానికి చందా ఎలా పోగుచేస్తారో, తెల్ల పిల్లల్ని ఇక్కడికెందుకు తెచ్చావని లూలా అనే ఆవిడ ఎలా అడ్డుపడుతుందో కాస్తయినా కనిపించేది అక్కడే. సినిమాలో ఆ చర్చే లేదు.

ముగింపుకొద్దాం. టామ్ మీద నేరం మోపిన అమ్మాయి తండ్రి బాబ్ యూయెల్ ఆటికస్ పిల్లల మీద కత్తి ఎత్తుతాడు, అదే వీధిలో ఉండే బూ రాడ్లీ అతన్ని చంపేస్తాడు. షెరీఫు హెక్ టేట్ ఏం చేశాడు? యూయెల్ తన కత్తి మీద తనే పడి చచ్చాడని రాసేద్దాం అన్నాడు. ఆటికస్ కాసేపు తటపటాయించి ఒప్పుకున్నాడు. చూశారా, చట్టానికి వంగడం చేతకాక కాదు. అమాయకుడైన టామ్ కోసం ఒక్క అంగుళం వంగని చట్టం, మంచి ఇంటి తెల్లవాడి కోసం వరండాలో రెండు నిమిషాల్లో వంగింది. దాన్ని మనం కరుణ అనుకుని కళ్లు తుడుచుకుంటాం. పాము చావాలి, కర్ర విరగకూడదు: చెత్త తెల్లవాడు పోవాలి, కోర్టు పరువు నిలవాలి.

సినిమాలో అందరికీ గుర్తుండే దృశ్యం ఇంకొకటి ఉంది. తీర్పు అయిపోయింది, కోర్టు హాలు ఖాళీ అయింది, ఆటికస్ కాగితాలు సర్దుకుని బయటికి నడుస్తున్నాడు. పైన నల్లవాళ్ల గ్యాలరీ మొత్తం మౌనంగా లేచి నిలబడుతుంది. మీ నాన్న వెళ్తున్నారు, లేచి నిలబడమ్మా అని పాస్టరు ఆటికస్ కూతురు స్కౌట్‌ని కూడా లేపుతాడు. కేసు ఓడిపోయిన తెల్ల లాయరుకి, తమవాణ్ణి దోషి అన్న క్షణంలో నల్లవాళ్లు చేసిన పని అది. ఏడుపు లేదు, కోపం లేదు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు ఇంకో మనిషి లేచి నిలబడ్డ సంగతి తలపుకొస్తుంది. 1955 సెప్టెంబరు, మిసిసిపీలోని సమ్నర్ కోర్టు. పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ హత్య కేసు. వాడి తాత వరస మోజెస్ రైట్, అరవై దాటిన కోరు రైతు, సాక్షి కుర్చీలోంచి లేచి, చెయ్యి చాచి, తన ఇంటి నుంచి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన తెల్లవాడు జె.డబ్ల్యూ. మైలమ్‌ని వేలెత్తి చూపించాడు. ఆ రాష్ట్రంలో ఒక నల్లవాడు నిండు కోర్టులో తెల్లవాణ్ణి హంతకుడని చూపించడం అంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడం. జ్యూరీ గంటకి కాస్త పైగా కూర్చుని నిందితులిద్దర్నీ వదిలేసింది. నాలుగు నెలలకి వాళ్లు డబ్బు పుచ్చుకుని మేమే చంపామని లుక్ పత్రికకి చెప్పుకున్నారు. రైట్ ఊరొదిలి షికాగో వెళ్లిపోయాడు. ఇదంతా మాకింగ్‌బర్డ్ అచ్చవడానికి ఐదేళ్ల ముందు. లేచి నిలబడిన నల్లవాడు అమెరికా పత్రికలన్నిట్లో కనిపించాక వచ్చిన నవలలో నల్లవాళ్లు లేచింది లాయరుకి మర్యాద చెయ్యడానికి.

టిల్ కేసు నేర కథా ప్రక్రియ మీదనే ఒక ప్రశ్న వేస్తుంది. అక్కడ మిస్టరీ లేదు. హంతకులెవరో ఊరంతటికీ తెలుసు, జ్యూరీకి తెలుసు. డిటెక్టివ్‌కి పనే లేదు. దక్షిణాదిలో జరిగిన మూక హత్యలకి ఫొటోలు తీసి పోస్టుకార్డులుగా అమ్ముకున్నారు, దాచుకోవాల్సిన అవసరమే రాలేదు. అలాంటి చోట ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న పట్టుకుని కథ నడిపితే, జవాబు దొరగ్గానే పాఠకుడికి మనసు కుదుటపడుతుంది. దొంగ దొరికాడు, ఊరు బాగుంది. ‘ఎవరు చెయ్యనిచ్చారు’ అన్న ప్రశ్న పుట్టనే పుట్టదు.

‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’ సినిమాని ఈ లెక్కలో చూడండి. 1967లో నార్మన్ జూయిసన్ తీశాడు. మిసిసిపీలో కథ, కానీ చిత్రీకరణ ఎక్కువగా ఇల్లినాయిలోని స్పార్టాలో, ఎందుకంటే దక్షిణాదికి వెళ్లనని హీరోగా వేసిన నల్ల నటుడు సిడ్నీ పోయిటియర్ చెప్పేశాడు. 1964లో పౌరహక్కుల ఉద్యమకారులకి డబ్బు అందించడానికి గాయకుడు హ్యారీ బెలఫాంటేతో కలిసి మిసిసిపీ వెళ్లినప్పుడు కు క్లక్స్ క్లాన్ మనుషులు కారులో ఆయన వెంటపడ్డారు. ఆ సినిమాలో గొప్ప సన్నివేశం ఒకటుంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. పత్తి తోటల ఆసామి ఎండికాట్ తన పూల గ్రీన్‌హౌస్‌లో పోయిటియర్ వేసిన నల్ల డిటెక్టివ్ టిబ్స్‌ని చెంప మీద కొడతాడు. రెప్పపాటులో టిబ్స్ తిరిగి కొడతాడు. పక్కన నిమ్మరసం పళ్లెం పట్టుకున్న నల్ల నౌకరు చూస్తూనే ఉంటాడు. జాన్ బాల్ నవలలో ఈ చెంపదెబ్బ లేదు, అసలు అందులో ఎండికాట్ మంచివాడు. ఇంతవరకూ సినిమాకే మార్కులు. కానీ ఆ దెబ్బ తర్వాత కథ ఎటు పోయింది? ఎండికాట్‌కి హత్యతో సంబంధం లేదని తేలింది. హంతకుడు హోటల్లో కౌంటరు దగ్గర తిండి వడ్డించే రాల్ఫ్! వేల ఎకరాల పత్తిని నల్లవాళ్ల చేత ఏరించే మనిషి నిర్దోషి, పళ్లేలు తుడిచేవాడు దోషి. ఆఖర్న పోలీసు చీఫ్ గిలెస్పీ టిబ్స్ పెట్టె మోసుకుని రైలెక్కిస్తాడు. ఆ వీడ్కోలుని ప్రేమకథ ముగింపుతో పోల్చి జేమ్స్ బాల్డ్విన్ ఎద్దేవా చేశాడు. 1968 ఏప్రిల్ 10న, మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల మర్నాడు, ఈ సినిమాకి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. ఉత్తమ నటుడి ఆస్కార్ గిలెస్పీ వేసిన రాడ్ స్టైగర్‌కి. పోయిటియర్‌కి నామినేషన్ కూడా లేదు. మారిన తెల్లవాడికి బహుమతి, మార్చినవాడికి రైలు టికెట్టు.

ఫాక్‌నర్ వీళ్లందరికన్నా పెద్ద రచయిత, ఆయన తప్పులూ పెద్దవే. ‘ఇంట్రూడర్’లో లాయరు గావిన్ స్టీవెన్స్ ఉత్తరాదివాళ్లు జోక్యం చేసుకోవద్దు, మా నల్లవాళ్లని మేమే విముక్తం చేస్తాం అంటూ పేజీలకి పేజీలు ఉపన్యసిస్తాడు. 1948లో, కేంద్రం మూక హత్యల్ని అడ్డుకునే చట్టం తేవాలా అని దేశం కొట్టుకుంటున్నప్పుడు. హంతకుడు ఇక్కడా కొండ ప్రాంతపు మొరటు కుటుంబం వాడే. అయినా ఆ నవలలో, చెయ్యని హత్య నెత్తిన పడ్డ ముసలి నల్లవాడు లూకస్ బీచం ఉన్నాడు. తెల్లవాడికి తల వంచడు, బతిమాలడు, ఉరి తప్పినందుకు కృతజ్ఞత చూపించడు. చివర్లో లాయరు ఆఫీసుకొచ్చి, ఖర్చు ఎంతో చెప్పమని, చిల్లర నాణేలతో సహా బల్ల మీద లెక్కపెట్టి ఇచ్చి, రసీదు అడుగుతాడు. దయ వద్దు, లెక్క తేల్చుకుందాం అన్నట్టు. ఆ పాత్ర వేసిన హువానో ఎర్నాండెజ్‌కి 1949లో చిత్రీకరణ జరిగిన ఆక్స్‌ఫర్డ్ ఊళ్లో తెల్ల నటులతో పాటు బస దొరకలేదు, నల్లవాళ్ల ఇంట్లో ఉండాల్సొచ్చింది.

పాత పుస్తకాల్ని ఈనాటి కళ్లతో చూడకూడదని ఒక వాదన తయారుగా ఉంటుంది. నేను పెట్టినవి ఈనాటి కొలతలు కావు. లీబోవిట్జ్ 1935వాడు, హార్టన్ 1933వాడు, మోజెస్ రైట్ 1955వాడు. ఆనాటివాళ్లు చేసి చూపించినదాన్నే నేను అడుగుతున్నాను. ఇక 2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ బయటికొచ్చినప్పుడు జనం గుండెలు బాదుకున్నారు, అందులో ఆటికస్ జాతుల వేర్పాటుని కాపాడే సిటిజన్స్ కౌన్సిల్ సమావేశంలో కూర్చున్నాడని. మాకింగ్‌బర్డ్ కన్నా ముందు రాసిన ప్రతి అది. మిసిసిపీలోని ఇండియనోలాలో 1954లో పుట్టిన ఆ కౌన్సిళ్లని నడిపింది ఎవరు? బ్యాంకు మేనేజర్లు, వ్యాపారులు, లాయర్లు. ముసుగులు లేని మర్యాదస్తులు. ఇద్దరు ఆటికస్‌లు ఉన్నారని గగ్గోలు పెట్టడం అనవసరం. జడ్జి అప్పగించిన కేసుని నిజాయితీగా వాదించి, జ్యూరీ జాబితా జోలికి పోనివాడు, ఇరవై ఏళ్ల తర్వాత ఆ జాబితాని కాపాడే సమావేశానికి వెళ్లడంలో వింతేముంది?

ఆ పుస్తకం చదివి ఎంతోమంది లాయర్లయ్యారు, మంచే చేసింది కదా అన్నది చివరి వాదన. అయ్యారు, కాదనను. కానీ హార్పర్ లీ సొంత ఊరు మన్రోవిల్‌లోనే వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లవాణ్ణి 1987లో హత్యానేరం మీద అరెస్టు చేశారు. విచారణ మొదలవకముందే మరణశిక్ష ఖైదీల గదిలో పెట్టారు. హత్య జరిగిన పొద్దున అతను ఇంటి దగ్గర చేపలు వేయించి అమ్ముతున్న బంధుమిత్రుల మధ్య ఉన్నాడని ఎందరో సాక్ష్యం చెప్పారు. విచారణ ఒకటిన్నర రోజులో ముగిసింది. జ్యూరీ యావజ్జీవం అంటే జడ్జి దాన్ని తోసి మరణశిక్ష వేశాడు. బ్రయన్ స్టీవెన్సన్ అనే నల్లజాతి లాయరు ఏళ్ల తరబడి పోరాడితే 1993లో బయటపడ్డాడు. మెక్‌మిలియన్ ఇంకా మరణశిక్ష గదిలో ఉండగానే మన్రోవిల్ పాత కోర్టు భవనంలో మాకింగ్‌బర్డ్ నాటకం ఏటా ఆడటం మొదలైంది. ప్రేక్షకుల్లోంచి పన్నెండుమందిని జ్యూరీగా పిలిచి కూర్చోబెడతారు కూడా. ఆటికస్‌ని ప్రేమించడానికీ మెక్‌మిలియన్‌ని లోపల పెట్టడానికీ ఆ ఊళ్లో ఏ పేచీ రాలేదు. ఆ ప్రేమ ఎవరి దగ్గరా ఏమీ అడగదు కాబట్టి.

ఇదే నేర కథని నల్లవాడు రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఎర్నెస్ట్ గెయిన్స్‌ని చదవాలి. లూయిజియానా తోటల్లో కూలి చేస్తూ పెరిగినవాడు. 1993 నవల ‘ఎ లెసన్ బిఫోర్ డైయింగ్’లో జెఫర్సన్ అనే కుర్రాడి తరఫు తెల్ల లాయరు అతన్ని కాపాడటానికి ఎంచుకున్న వాదన ఏమిటంటే, వీడు పందితో సమానం, పందిని విద్యుత్ కుర్చీలో కూర్చోబెడతారా అని. శత్రువు కాదు, సొంత లాయరు! మిగతా నవలంతా ఆ మాటని ఆ కుర్రాడి ఒంటిమీంచి కడిగే పని. అంతకన్నా పదేళ్ల ముందు రాసిన ‘ఎ గ్యాదరింగ్ ఆఫ్ ఓల్డ్ మెన్’లో ఒక తెల్ల రైతు హత్యకి గురవుతాడు. షెరీఫు వచ్చేసరికి పదిహేనుకి పైగా నల్ల ముసలాళ్లు, ఒకే రకం తుపాకులు, ఒకే రకం పేలిన తూటా గొట్టాలు పట్టుకుని వరండాలో కూర్చుని ఉంటారు. నేనే చంపానంటాడు ఒకడు. కాదు, నేనంటాడు ఇంకొకడు. ఎందుకు చంపావని అడిగితే ఒక్కొక్కడూ ఒక్కో కథ చెప్తాడు: చెల్లెల్ని ఏం చేశారో, తమ్ముణ్ణి ఎలా చంపారో, తాతలు సాగుచేసిన నేలని ట్రాక్టర్లు ఎలా దున్నేశాయో. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నని ఆ ముసలాళ్లు పేల్చిపారేశారు. వాళ్లని కాపాడతానని బయల్దేరిన తోట యజమానురాలు క్యాండీని, మేం మాట్లాడుకోవాలి, నువ్వు బయటికెళ్లమ్మా అంటారు. వెళ్లనంటుంది. చివరికి ఆమె స్నేహితుడే ఆమెని ఎత్తుకుని కారులో కూర్చోబెడతాడు. ఇది 1987లో టీవీ సినిమాగా వచ్చింది, ఫోల్కర్ ష్లోండార్ఫ్ తీశాడు. దాన్ని ఏ జాబితాలోనూ మొదటి స్థానంలో పెట్టినవాళ్లు లేరు.

మాకింగ్‌బర్డ్‌ని బళ్లలోంచి తీసెయ్యమని నేను అనడం లేదు. అట్లాంటాలోనో డాలస్‌లోనో చదివే మన తెలుగు పిల్లలకి కూడా అమెరికా జాతి సమస్యతో మొదటి పరిచయం తరచు హైస్కూలు ఇంగ్లీషు క్లాసులో ఈ నవలతోనే.  జెమ్ జ్యూరీ గురించి అడిగే ఇరవైమూడో అధ్యాయం వచ్చినప్పుడు పక్కన నారిస్ తీర్పు కూడా పెట్టండి. పెద్ద తీర్పేమీ కాదు, ఒక పీరియడ్‌లో చదివెయ్యొచ్చు. ఆటికస్ జవాబులో లేనిది ఏమిటో పిల్లల్నే వెతకనివ్వండి. ఆ వారం ఆటికస్ గొప్పతనం మీద రాయించే వ్యాసం ఒకటి మానేసి, గెయిన్స్ ముసలాళ్లు మాట్లాడే అధ్యాయాలు రెండు చదివించండి.